భయానికీ ఒక డ్యూటీ

కుంకుమ ప్యాకెట్లు రెండు, పాత తెల్ల యూనిఫారాలు నాలుగు, ఒక నిలువుటద్దం. 2021 జనవరిలో మా నర్సింగ్ కాలేజీ పిల్లలు మళ్ళీ క్లినికల్స్‌కి వచ్చినప్పుడు నేను ముందుగా సర్దుకున్న సరంజామా అది. స్కిల్ ల్యాబులో డమ్మీని ఓ మూలకి జరిపి, అద్దం గోడకి ఆనించి, తెల్ల యూనిఫారం మీద పీపీఈ తొడిగించేదాన్ని. చేతుల మీద, ఛాతీ మీద, తల మీద కుంకుమ చల్లి, "ఇప్పుడు విప్పండమ్మా" అనేదాన్ని. విప్పాక లోపలి తెల్లబట్ట మీదో, మెడ మీదో, చెవి వెనకో ఎర్రమరక కనపడితే వైరస్ అంటుకున్నట్టే లెక్క.

మొదటిరోజు 38 మందిలో మరక లేకుండా బయటపడినవాళ్ళు ఇద్దరు. డెమో ఇచ్చిన నా మెడ మీద కూడా పడింది. ముందు పై గ్లౌజులు తీసి, చేతులు శుభ్రం చేసుకుని, అప్పుడే మెడ దగ్గర జిప్పు పట్టుకోవాలని చెబుతూనే, చెప్పే ధ్యాసలో మధ్య మెట్టు దాటేశాను. "మేడమ్, మీకూ అంటింది" అని వెనక వరస నుంచి సన్నటి గొంతు వినపడింది. ఆ పిల్లని ముందుకి పిలిచి, "ఎక్కడ అంటిందో అందరికీ చూపించు" అన్నాను. చూపించింది. చూపించే వేలు వణుకుతోంది. ఆ అమ్మాయి సంగతి మళ్ళీ చెబుతాను.

నువ్వు ఇప్పుడు నర్సింగులో కొత్తగా చేరి ఉంటే, ఆ కోవిడ్ రోజుల్ని పెద్దవాళ్ళు చెప్పుకునే కథలా వింటూ ఉంటావు. మా పిల్లలకి అది సిలబస్. నైటింగేల్ పుట్టి 200 ఏళ్ళయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. మే 12కి ఘనంగా చేయాలని మా కాలేజీలో జనవరిలోనే నాటకం రిహార్సల్స్ మొదలుపెట్టాం. మార్చి నెలాఖరుకి హాస్టల్ ఖాళీ. పిల్లలు ఊళ్ళకి పోయారు, పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. ఒకమ్మాయి సిగ్నల్ కోసం ఊరి వాటర్ ట్యాంకు మెట్లెక్కి కూర్చుని క్లాసు వినేది. కండరాల ఇంజెక్షన్ బత్తాయికాయ మీద చేయించాను. రోగి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చే ప్రొసీజర్ వాళ్ళమ్మల్ని నులకమంచం మీద పడుకోబెట్టి చేయించాను. బత్తాయికి నొప్పి తెలియదు, అమ్మ ఎటు తిరగమంటే అటు తిరుగుతుంది. ఆ లోటు పిల్లలకి తెలుసు. తిరిగొచ్చేసరికి జబ్బు భయం ఒకటి, పది నెలలుగా రోగిని ముట్టుకోలేదన్న భయం ఇంకొకటి. రెండోదే పెద్దదని నేను ఆలస్యంగా గ్రహించాను.

భయపడే పిల్లలతో ఏం చేయాలో నాకు నేర్పినావిడ కొట్టాయం నుంచి వచ్చి తెలుగుగడ్డ మీదే రిటైరైన ఒక మలయాళీ సిస్టర్. 1996లో నేను జీఎన్ఎం రెండో ఏడాది చదువుతున్నాను. ఎయిడ్స్ అనే అనుమానం వస్తే చాలు, ఆ మంచం చుట్టూ నాలుగడుగులు ఖాళీ అయిపోయే రోజులు. డిస్పోజబుల్ సిరంజీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఒక సాయంత్రం మెడికల్ వార్డులో ఇంజెక్షన్ చేసి, సూదికి మూత పెట్టబోయి ఎడమచేతి చూపుడువేలికి గుచ్చుకున్నాను. రోగికి ఏ జబ్బుందో కేస్ షీట్‌లో ఇంకా తేలలేదు. నా చావు మాత్రం నాకు తేలిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కోర్సులోంచి తీసేస్తారని భయం, ఊళ్ళో తెలిస్తే నాన్న తలెత్తుకోలేడని భయం. రెండురోజులు అన్నం సహించలేదు. మూడోరోజు ఇంజెక్షన్ ట్రే నా వంతుకి వస్తే పక్కపిల్ల చేతిలో పెట్టేశాను. అది సిస్టర్ చూశారు. స్టోర్ రూములోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసి, "ఎప్పుడు గుచ్చింది?" అని అడిగారు. ఏం జరిగిందని అడగనేలేదు.

తిట్టలేదు. రక్తపరీక్షకి తనే వెంటబెట్టుకుని వెళ్ళారు. అప్పుడొకటి, మూడు నెలలకొకటి, ఆర్నెల్లకొకటి. మూడూ నెగటివ్. "గుచ్చుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు" అన్నారు. (నీ సంగతి వేరు. నీకు గుచ్చుకుంటే పిండకు. సబ్బునీళ్ళతో కడిగి అక్కణ్ణించి అక్కడే ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు గంటల్లో మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. నిద్రలో లేపి అడిగినా ఇది చెప్పగలగాలి.) ఆవిడ ఇంకో పని చేశారు. మర్నాడు డ్యూటీ లిస్టులో నా పేరుకెదురుగా "సూదులు" అని రాశారు. నెలరోజులు ఆ వార్డులో వాడిన ప్రతి సూదీ మూత పెట్టకుండా గట్టి డబ్బాలో పడిందా లేదా చూడటం నా పని. "నీకే ఎక్కువ భయం. నీకే బాగా కనపడుతుంది" అన్నారు తన మలయాళపు తెలుగులో. మొదటి వారంలోనే దూదిలో చుట్టి వదిలేసినవి, దుప్పట్లో చిక్కుకున్నవి, మంచం కింద దొర్లినవి పదకొండు సూదులు పట్టాను. వణుకుతూనే పట్టాను.

అదే కిటుకు పాతికేళ్ళ తర్వాత నాకు అక్కరకొచ్చింది.

2021 ఏప్రిల్ రెండోవారం నుంచి వార్డులు నిండటం మొదలైంది. జనవరి 16న టీకాలు మొదలయ్యాయి కాబట్టి మా పిల్లల్లో చాలామందికి డోసులు పడ్డాయి, అదొక్కటే కొండంత ధైర్యం. మే 3న కేంద్రం ప్రకటించింది: చదువు పూర్తయిన బీఎస్సీ, జీఎన్ఎం నర్సుల్ని సీనియర్ల పర్యవేక్షణలో పూర్తిస్థాయి కోవిడ్ డ్యూటీలకి తీసుకోవచ్చని, 100 రోజులు చేసినవాళ్ళకి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఉంటుందని. మా ఆఖరి ఏడాది పిల్లలు అప్పటికే సీనియర్ల వెంట వార్డుల్లో ఉన్నారు.

వాళ్ళ పోస్టింగుకి ముందురోజు తలా ఒక చీటీ ఇచ్చాను. "దేనికి భయమేస్తోందో రాయండి. పేరు రాయడం మీ ఇష్టం." అంతకుముందు నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. మొదటి నెలలో ఎవరైనా భయమంటే, "నర్సువి అవుతానని దీపం పట్టుకుని ప్రమాణం చేశావు కదా, భయమేంటి" అని అందరి ముందూ గదమాయించాను. పిల్లలు భయపడటం మానలేదు, నాకు చెప్పడం మానేశారు. స్టోర్ రూము తలుపు వేసి నన్ను అడిగినావిడ గుర్తొచ్చాక చీటీలు కోశాను.

చదివితే ఆశ్చర్యమేసింది. నేను చచ్చిపోతానేమోనన్న మాట రాసినవాళ్ళు తక్కువ. "ఇంటికి తీసుకెళ్తానేమో." "పీపీఈలో ఊపిరాడక పడిపోతే అందరూ నవ్వుతారేమో." "ఐవీ లైన్ ఒక్కసారీ పెట్టలేదు, గ్లౌజు మీద గ్లౌజుతో నరం దొరకదు." "నాకేమన్నా అయితే నాన్న చేసిన ఫీజు అప్పు ఎవరు తీరుస్తారు." "ఆక్సిజన్ అయిపోతే నేనేం చేయాలి." ఒక చీటీలో ఒక్క పేరే ఉంది: "లినీ సిస్టర్." 2018 మేలో కేరళలోని పేరాంబ్రాలో నిపా రోగికి సేవచేసి, అదే జబ్బుతో చనిపోయిన నర్సు ఆవిడ. ఆ చీటీని తీసి పక్కన పెట్టలేదు. క్లాసులో చదివాను. లినీ సిస్టర్ ఆ రోగికి డ్యూటీ చేసేటప్పటికి అది నిపా అని ఎవరికీ తెలియదు. మీరు లోపలికి అడుగుపెట్టకముందే అక్కడేముందో మీకు తెలుసు, మీ ఒంటి మీద ఏముండాలో తెలుసు. ఆవిడకి దొరకని అవకాశం అదేనని చెప్పాను. క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత ఎవరో చెయ్యెత్తి, "మేడమ్, ఎన్95 సీల్ చెక్ ఇంకోసారి చూపించరా" అన్నారు.

చీటీల్ని బట్టి డ్యూటీలు వేశాను. నరం దొరకదన్న పిల్లని రెండురోజులు జనరల్ వార్డులో సీనియర్ పక్కన రెండేసి గ్లౌజులతోనే ఐవీ లైన్లకి పెట్టాను. మర్చిపోతానేమో అన్నవాళ్ళు విప్పే మెట్లు పెద్ద అక్షరాలతో రాసి అద్దం పక్కన అంటించి, విప్పేవాళ్ళకి గట్టిగా చదివి వినిపించాలి. ఆక్సిజన్ భయం ఉన్న పిల్లాడికి సిలిండర్ల లెక్క అప్పగించాను (అవును, ఆ బ్యాచ్‌లో నలుగురు మగపిల్లలుండేవారు). జంబో సిలిండర్‌లో సుమారు 7000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి పది లీటర్ల మీద పెడితే 700 నిమిషాలు, పదకొండున్నర గంటల పైన. ట్రాలీ మీద తోసుకెళ్ళే చిన్నదాంట్లో 1500 లీటర్లే, రెండున్నర గంటల్లో ఖాళీ. వాడు ప్రతి సిలిండర్ మెడకి ప్లాస్టర్ ముక్క అంటించి, ఎప్పటికి అయిపోతుందో టైమ్ రాసేవాడు. దాని కింద, దానికి గంట ముందు టైమ్ ఎర్రసిరాతో. మార్చాల్సింది ఎర్ర టైముకి. వార్డు ఇన్‌చార్జి అది చూసి మిగతా షిఫ్టులకీ అదే పెట్టారు.

మొదటిరోజు నా మెడ మీద మరక పట్టుకున్న అమ్మాయి చీటీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. "అమ్మమ్మ పెంచింది. ఆవిడకి ఆయాసం. నేను తీసుకెళ్తే తట్టుకోలేదు." ఆ అమ్మాయిని విప్పే గది కాపలాకి వేశాను. లోపలి నుంచి ఎవరొచ్చినా ఆ అమ్మాయి కళ్ళముందే విప్పాలి, తప్పు చేస్తే ఆపాలి. మొదటిరోజు ఒక పెద్ద ప్రొఫెసర్ గారు కళ్ళద్దాలు ముట్టుకుని అదే చేత్తో మాస్కు తీయబోతే, "సర్... సర్..." అని గొణిగింది. ఆయనకి వినపడలేదు. రెండోసారి, "సర్, ఆగండి! చేతులు!" అని అరిచింది. ఆయన ఆగారు. చేతులు శుభ్రం చేసుకుని, మాస్కు తీసి, "థాంక్యూ సిస్టర్" అన్నారు. ఇంకా పాస్ కాని పిల్లని ఆయన సిస్టర్ అన్నారు. ఆ రోజు హాస్టల్లో ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకుందో.

నీకు పనికొచ్చే చిన్న చిన్నవి ఇక్కడే చెప్పేస్తాను. పీపీఈ తొడిగేముందు బాత్రూముకి వెళ్ళిరా, ఓ గ్లాసు నీళ్ళు తాగు, కడుపులో ఏదో ఒకటి వేసుకో. ఖాళీ కడుపుతో వెళ్ళినవాళ్ళే కళ్ళుతిరిగి పడ్డారు. మే నెల, ఏసీ లేని వార్డు, ప్లాస్టిక్ కవరాల్ లోపల చెమట బూట్లలోకి కారేది. కళ్ళద్దాలు మసకబారకుండా లోపల సబ్బు పల్చగా రాసి మెత్తటి బట్టతో తుడవాలి. ముక్కు దగ్గర మాస్కు ఒరిసి పుండు పడుతుంటే పేపర్ ప్లాస్టర్ వేసుకోవచ్చు, కానీ వేశాక సీల్ చెక్ మళ్ళీ చేయాలి. గాలి పక్కనుంచి పోతుంటే ఆ మాస్కు ఉన్నా లేనట్టే. జుట్టు గట్టిగా ముడి, గోళ్ళు పొట్టి, గాజులు గదిలో. కాటుక వద్దు, చెమటకి కళ్ళలోకి దిగితే తుడుచుకోవడానికి చెయ్యి అదంతటదే లేస్తుంది. గుండె దడదడలాడుతుంటే అద్దం ముందు ఆగి నాలుగుసార్లు నిదానంగా ఊపిరి తీసి వదులు. ఇంకొకటి: ఛాతీ మీద మార్కర్‌తో నీ పేరు రాయి. పెద్ద అక్షరాల్లో, తెలుగులో. లోపల రోగికి ముఖాలుండవు, అందరూ ఒకేలా తెల్లగా కనపడతారు. పేరు పెట్టి పిలవగలిగిన రోజున ఆయన నిన్ను నమ్ముతాడు, బోర్లా పడుకోమంటే పడుకుంటాడు. దిండ్లు సర్ది, మందీ మార్బలం లేకుండా ఒక బరువైన మనిషిని ప్రోనింగ్‌లోకి తిప్పాలంటే సగం బలం ఆయనదే కావాలి. "బాబాయ్ గారూ, నా పేరు ఇది, మీ ఎడమచెయ్యి ఇలా పెట్టండి" అని మాట కలిపితే ఆ సగం దొరుకుతుంది.

అమ్మమ్మ పెంచిన పిల్ల మూడోవారంలో నైట్ డ్యూటీకి వచ్చింది. రాత్రి రెండు దాటింది. ఎనిమిదో బెడ్ మీద లెక్కల మాస్టారు, సాయంత్రం నుంచి మాస్కుతో 93 దగ్గర నిలకడగా ఉన్న సాచురేషన్ 84కి దిగింది. డ్యూటీ డాక్టరు ఐసీయూకి ఫోన్ చేయడానికి వెళ్ళారు. ఈ పిల్ల ప్రోబ్ వేలు మార్చి చూసింది. అదే అంకె. అప్పుడు నేను నేర్పినట్టే గోడ నుంచి ముక్కు దాకా వరసగా పట్టుకుంటూ వచ్చింది. ఫ్లో మీటర్ ఎనిమిది మీదే ఉంది. దాని కింద హ్యుమిడిఫైయర్ సీసాలో నీళ్ళున్నాయి. బుడగల్లేవు. ఆక్సిజన్ వస్తుంటే ఆ నీళ్ళు కుతకుతలాడుతూ ఉండాలి. మూత ఒక పక్కకి ఎక్కి వంకరగా బిగిసింది, గాలంతా అక్కణ్ణించే పోతోంది. విప్పి సూటిగా బిగించింది. బుడగలొచ్చాయి. రెండు మూడు నిమిషాల్లో 88, 90, కాసేపటికి 93.

అసలు సంగతి అది కాదు. ఆ సీసాలో గంట క్రితం నీళ్ళు నింపింది ఆ అమ్మాయే. ఎవరూ చూడలేదు. సరిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున హ్యాండోవర్‌లో పదిమంది ముందు, ఎనిమిదో బెడ్ వంతు రాగానే, "మూత వంకరగా బిగించింది నేనే సిస్టర్. 84కి పడింది. ఇప్పుడు అన్ని సీసాలూ మళ్ళీ చూశాను" అని చెప్పింది. కాళ్ళు వణుకుతున్నాయి. వార్డు ఇన్‌చార్జి ఒక క్షణం ఆగి, "నీళ్ళు పోశాక బుడగ చూడటం" అని రిజిస్టరు అట్టమీద రాసుకున్నారు. నాకు మా కొట్టాయం సిస్టర్ గుర్తొచ్చారు. ఆవిడ అప్పటికి లేరు. ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని.

తల్లిదండ్రుల సంగతి కూడా నీకు తెలియాలి, ఎందుకంటే రేపు మీ ఇంట్లోనూ అదే గొడవ. మే 5 నుంచి ఆంధ్రలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. ఒక తండ్రి తెల్లవారుజామునే బయల్దేరి బైకు మీద తొంభై కిలోమీటర్లు వచ్చాడు. కౌలురైతు. "ఒక్కతే పిల్ల మేడమ్ గారూ. చదువు లేకపోయినా బతుకుతాం" అన్నాడు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ల్యాబులోకి తీసుకెళ్ళి, కూతురిచేత తొడిగించి, కుంకుమ చల్లి, ఆయన ముందే విప్పించాను. ఆ పిల్ల ఒళ్ళు చుట్టూ తిరిగి చూశాడు, చెవులు వెనక్కి మడిచి చూశాడు. మరక లేదు. అయినా తీసుకెళ్ళాడు. పన్నెండు లోపల ఇల్లు చేరాలని తొందరపడ్డాడు. పంపించాను, హాజరు గురించి అడగొద్దని క్లర్కుకి చెప్పాను. తొమ్మిదోరోజు పొద్దున ఆయనే దింపి వెళ్ళాడు, సంచిలో మామిడిపళ్ళతో. వెళ్ళిపోయినవాళ్ళని పిరికివాళ్ళని నేనెప్పుడూ అనలేదు. ఆ తొమ్మిది రోజులూ ఆ పిల్ల ఊళ్ళో ఆశా కార్యకర్త పక్కన ఆక్సీమీటరు పట్టుకుని తిరిగిందట.

నా చేతిలో జారిపోబోయిన పిల్ల ఇంకొకతి. క్లాసులో ఫస్టు. చీటీ మీద "భయం లేదు" అని రాసింది. అందరి ముందు మెచ్చుకున్నాను. చెయ్యి స్థిరంగా ఉంటుంది కదా అని కష్టమైనవన్నీ తనకే ఇచ్చాను. చనిపోయినవాళ్ళకి ఆఖరి శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, లీకు కాని బ్యాగులో పెట్టే పనిలో ఒకే వారంలో మూడుసార్లు సీనియర్ సిస్టర్ వెంట ఉంది. రెండుసార్లు బ్యాగు జిప్పు వేసేముందు ఫోన్ పట్టుకుని ఇంటివాళ్ళకి ముఖం చూపించింది. ఒక రాత్రి నాలుగింటికి సింకు దగ్గర చూశాను. చేతులు కడుగుతోంది. మామూలుగా సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు చాలు. ఆ పిల్ల అక్కడ ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు, వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. కుళాయి కట్టి చేతులు టవల్లో చుట్టాను. "పోవడం లేదు మేడమ్" అంది. ఏమిటని అడగలేదు.

ఆ పిల్లని సైకియాట్రీ విభాగంలో చూపించాం, ఇంటికి పంపాం. ఐదు వారాలకి వచ్చింది, కోర్సు పూర్తిచేసింది. తప్పు నాది. భయం నాలుక మీదికి రానివాళ్ళకి అది చేతుల్లోకి పోతుందని, సూదుల ట్రే పక్కపిల్లకి ఇచ్చిన నాకు తెలిసి ఉండాలి. ఆ మర్నాటి నుంచి షిఫ్టు దిగినవాళ్ళు స్నానం చేశాక నేరుగా గదులకి పోకుండా మెస్ వెనక వేపచెట్టు కింద ఎడంఎడంగా కూర్చుని టీ తాగాలని పెట్టాను. పావుగంట. ఆ రోజు చేతులతో చేసిన ఒక పని చెప్పాలి, ఒంటిని పట్టుకుని వదలనిది ఒకటి చెప్పాలి. ఏడవొచ్చు. సలహా ఇవ్వకూడదు. నేనూ చెప్పేదాన్ని. ఇప్పుడు చీటీలు తీసుకుంటే "భయం లేదు" అన్నదాన్ని ముందు విప్పి, ఆ పేరున్న పిల్లని ఆ వారం నా పక్కనే ఉంచుకుంటున్నాను.

విప్పే గది ఇప్పుడు మళ్ళీ స్టోర్ రూము. అద్దం మాత్రం ల్యాబులోనే ఉంది, ఏటా జూన్‌లో కుంకుమ తెప్పిస్తాను. అమ్మమ్మ పెంచిన పిల్ల ఇప్పుడు ఒక జిల్లా ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. అమ్మమ్మ బాగానే ఉంది. మొన్న రాత్రి డ్యూటీ మధ్యలో ఫోన్ చేసింది.

"మేడమ్, మా దగ్గరికి ఫస్టియర్ పిల్లలొచ్చారు. ఐసోలేషన్ గది గుమ్మం దగ్గర ఒకమ్మాయి ఒకటే వణుకు. కుంకుమ ఎంత చల్లాలి?"

"రెండు చెంచాలు. మెడ దగ్గర కాస్త ఎక్కువ."

"విప్పేటప్పుడు నేను చూస్తూ ఉండనా?"

"నువ్వొద్దు. నువ్వు వేసుకో. ఆ పిల్లని చూడమను."